తిరిగే జాకెట్టు ముక్క

మా వైపు శ్రావణ మాసం వస్తే జాకెట్టు ముక్కలకు కాళ్ళొస్తాయి. పేరంటానికి వెళ్ళినవాళ్ళకు నానబెట్టిన శనగలు, అరటిపళ్ళు, తమలపాకులతో పాటు ఒక జాకెట్టు ముక్క పెట్టి వాయనం ఇస్తారు. ఆ ముక్కను కుట్టించుకున్న మనిషిని నేను చూడలేదు. బీరువాలో పెట్టి, పై శుక్రవారం ఇంకొకరికి ఇచ్చేస్తారు. వాళ్ళు మరొకరికి ఇస్తారు. మా అమ్మ ఒకసారి ఎవరికో ఇచ్చిన చిలకాకుపచ్చ ముక్క, మూలనున్న పసుపు మరకతో సహా, కొన్నాళ్ళకు మా ఇంటికే తిరిగొచ్చింది. అమ్మ దాన్ని చూసి చుట్టం వచ్చినంత సంబరపడి, మళ్ళీ పంపించేసింది.

ఈ సంగతి ఎందుకు చెబుతున్నానంటే, నా ఉద్యోగంలో నాకు ఎప్పుడూ గుర్తొచ్చేది ఆ ముక్కే. తెనాలిలో మా మేడ మీద గదిలో కూర్చుని వెబ్‌సైట్ల పని చేస్తాను. బట్టల కొట్లు, మొక్కల నర్సరీలు, ట్యూషన్ సెంటర్లు, వీళ్ళ సైట్లు సెర్చ్‌లో జనానికి కనబడేలా చూడడం నా బాధ్యత. అందులో సగం లింకుల గొడవే. ఒకరు తమ పేజీలో ఇంకొకరి పేజీకి దారి చూపిస్తే అది లింకు. ఎవరు ఎవరిని చూపిస్తున్నారో సెర్చ్ గమనిస్తూ ఉంటుంది. పేజీలో ఉన్న విషయం బాగా తెలిసినవాళ్ళు నిజంగా పనికొస్తుందనుకుని చూపించిన పేజీ మీద దానికి గురి కుదురుతుంది. ఇంతే. ఈ కాస్త విషయం మా బావగారి బుర్రకెక్కించేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది.

బావగారిది రేపల్లెలో టెంట్ హౌస్. షామియానాలు, కుర్చీలు, వంట గిన్నెలు అద్దెకిస్తారు. ఊళ్ళో ఆయనకు తెలియని ఇల్లు లేదు, ఆయన భోజనం చేయని పెళ్ళి లేదు. మా అక్క కుట్టు మిషను మీద కూర్చుంటే ఆయన ఎదురుగా కుర్చీ వేసుకుని హుక్కులు అందిస్తూ కబుర్లు చెప్పేవారు. అక్క పెళ్ళికి ముందు నుంచీ జాకెట్లు కుడుతోంది. ఆ వీధిలో సగం మంది భుజాలు అక్క చేతికి తెలుసు.

అలాంటి అక్కకు రొమ్ములో గడ్డ అని తేలింది. గుంటూరులో ఆపరేషన్ చేసి ఎడమ పక్క తీసేశారు. మందులయ్యాయి, ఊడిన జుట్టు మళ్ళీ వచ్చింది, ఇక భయం లేదని డాక్టరుగారు చెప్పారు. మేమందరం హమ్మయ్య అనుకున్నాం. అక్క మాత్రం ఇంట్లోనే ఉండిపోయింది. నడి వేసవిలో కూడా పమిట రెండు భుజాల మీదుగా కప్పుకునేది. పేరంటాలకు పిలిస్తే మోకాళ్ళ నొప్పులనేది. వాళ్ళు పోనీలే అని వాయనం ఇంటికి పంపేవాళ్ళు. ఆ జాకెట్టు ముక్కలన్నీ ఒక పాత సూట్‌కేసులో పేరుకున్నాయి. వాటిని తిప్పడానికి కూడా అక్క బయటకు రావడం లేదు మరి.

ఒకసారి నేనే బలవంతం చేసి తెనాలిలో మమ్మల్ని ఎరగని దర్జీ దగ్గరికి తీసుకెళ్ళాను. మారిన ఒంటికి సరిపడే జాకెట్టు తనే కుట్టుకోవడానికి అప్పటికి అక్కకు మనసు రావడం లేదు. దర్జీ తలెత్తకుండానే, "ఆది జాకెట్టు ఇవ్వండమ్మా" అన్నాడు. కొలతకిచ్చే పాత జాకెట్టును మేము ఆది అంటాం. అది అక్క సంచిలోనే ఉంది. కానీ ఆ కొలత ఇప్పుడు ఎవరిదని ఇస్తుంది? "మర్చిపోయానండి, రేపు తెస్తా" అని వెనక్కి తిరిగింది. రైల్లో రేపల్లె వరకూ సంచి మూతి ముడివేస్తూ, విప్పుతూ కూర్చుంది. కదిపితే నేనే ఏడుస్తానేమోనని కిటికీలోంచి చేలు చూస్తూ కూర్చున్నాను.

ఇంటికి వెళ్ళాక కుట్టు మిషను మీద కప్పిన గుడ్డ లాగేసింది. పాత జాకెట్టు కుట్లు విప్పి, ఎడమ పక్క వేరుగా కత్తిరించింది. లోపల జేబులా లైనింగ్ కుట్టి, అందులో పత్తి కూరిన మెత్త పెట్టింది. తేలిగ్గా ఉంటే జాకెట్టు పైకి జరిగిపోతోందని, చిన్న గుడ్డ సంచిలో ఆవాలు పోసి మెత్త అడుగున బరువు చేసింది. చంక దగ్గర కుట్టు మచ్చకు రాసుకోకుండా లైనింగ్ మడత బయటికి తిప్పింది. ఎన్ని పాడు చేసిందో గానీ, ఒకటి కుదిరింది. ఆ రోజు నన్ను పిలిచి చూపించింది. తలుపు వేసి, నాకు మాత్రమే.

"ఇది నీకొక్కదానికేనా అక్కా? ఇలాంటి వాళ్ళు ఎంతమంది ఉంటారు?" అన్నాను.

"నేనెక్కడికెళ్ళి చెప్పనే?"

"ఎక్కడికీ వెళ్ళక్కర్లేదు. నువ్వు చెప్పు, నేను రాస్తాను."

అలా ఒక పేజీ తయారయింది. దానికి 'ఆది జాకెట్టు లేనివాళ్ళకి' అని పేరు అక్కే పెట్టింది. ఫోటో కావాలంటే ససేమిరా అంది. చివరికి ఒక దిండును కుర్చీకి కట్టి, దానికి జాకెట్టు తొడిగి ఫోటో తీశాం. చూడ్డానికి ఆ దిండు బస్సు కోసం ఎదురుచూస్తున్నట్టుంది.

కొన్నాళ్ళకు మొదటి మెసేజి వచ్చింది. "అక్కా, నాకు కుడి పక్క తీసేశారు. కొలతలు తిప్పి వేసుకోవాలా?" అని. అక్క ఆ మధ్యాహ్నమంతా అన్నం మాట మరిచి జవాబు రాసింది. తర్వాత ఇంకొకరు, ఆ తర్వాత మరొకరు. వాళ్ళతో మాట్లాడుతున్నప్పుడు పమిట భుజం మీద నుంచి జారినా అక్క సర్దుకునేది కాదు. అది చూస్తుంటే, డాక్టర్లు ప్రాణం నిలబెట్టారు, ఈ మెసేజీలు మా అక్కను మాకు తిరిగిస్తున్నాయి అనిపించింది.

సరిగ్గా అప్పుడే మా బావగారికి ఉత్సాహం పొంగింది.

భార్య మొహంలో నవ్వు చూశారు, అది ఇంకా ఎక్కువ కావాలనుకున్నారు. లింకులుంటే పేజీ పైకొస్తుందని నేను ఎప్పుడో అన్న మాట పట్టుకున్నారు. అక్క దగ్గర పాస్‌వర్డ్ తీసుకుని, తన వ్యాపార మిత్రుల గ్రూపులో అందరినీ కదిపారు. మీది మా పేజీలో పెడతాం, మాది మీ సైట్లో పెట్టండి. ఇచ్చి పుచ్చుకోవడంలో ఆయన్ని మించినవాళ్ళు లేరు కదా. నిజాంపట్నం రొయ్యల మేత డీలరు, బాపట్లలో బోర్లు వేసే ఆయన, చెరుకుపల్లి పెళ్ళిళ్ళ పేరయ్య, గ్యాస్ స్టవ్ రిపేరు షాపు, అందరూ పెట్టారు. అందరూ ఒకే ముక్క పెట్టారు, ఎందుకంటే అది రాసి పంపింది బావగారే: 'రేపల్లెలో అత్యుత్తమ జాకెట్టు కటింగ్'. అది చాలక, ఫోన్ చేసి లింకుల ప్యాకేజీ అమ్మిన ఎవడి దగ్గరో ఒక గంపెడు కొన్నారు. మేము పేరు కూడా పలకలేని దేశాల జూదం సైట్లలో మా అక్క జాకెట్టు వేలాడింది.

వీటిలో ఏదీ నాకు తెలియదు. నాకు తెలిసిందల్లా, కొన్ని వారాలకు మెసేజీలు ఆగిపోవడం. పండగకని రేపల్లె వెళితే కుట్టు మిషను మీద మళ్ళీ గుడ్డ కప్పి ఉంది.

"ఎవరూ రాయడం లేదేంటక్కా?"

"అందరికీ నయమైపోయుంటుందిలే. మంచిదేగా" అంది అక్క, పమిట రెండో భుజం మీదకు లాక్కుంటూ.

ఆ లాక్కోవడం చూశాక నేను కాఫీ తాగలేకపోయాను. అక్కడే కూర్చుని ఫోన్ తీసి వెతికాను. పేజీ ఎక్కడా లేదు. ఎన్ని తెరలు కిందికి తోసినా లేదు. పేజీనే తెరిచి చూస్తే అడుగున వరసగా రొయ్యల మేత, బోర్లు, స్టవ్ రిపేరు. ఆపరేషన్ అయిన ఆడమనిషి కళ్ళు తుడుచుకుంటూ కొలతలు చదివి కిందికి వస్తే, ఎదురుగా రొయ్యల మేత! నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. బావగారిని పెరట్లోకి పిలిచాను.

"ఏం చేశారండీ ఇది?"

"లింకులమ్మాయ్! నువ్వేగా అన్నావు?" అన్నారు మెరిసే కళ్ళతో.

ఆ కళ్ళు చూస్తే సగం కోపం చల్లారింది. మిగతా సగంతో చెప్పాను. "మా అమ్మ చిలకాకుపచ్చ ముక్క గుర్తుందా? అన్ని ఇళ్ళూ తిరిగొచ్చింది. ఎవరైనా కుట్టుకున్నారా? ఎవరికైనా కావాలని ఇచ్చారా? ఇవ్వాలి కాబట్టి ఇచ్చారు. మీ లింకులూ అంతే. రొయ్యల మేత కొనేవాళ్ళలో ఈ పేజీ ఎవరికి కావాలి? ఊరంతా ఒకే ముక్క తిప్పుకుంటున్నారని సెర్చ్‌కి తెలిసిపోతుంది బావగారూ. ఈ పేజీని మెచ్చుకుంటున్నవాళ్ళందరూ అరువు మనుషులే అని పక్కన పడేసింది."

ఆయన మొహం వాడిపోయింది. గట్టు మీద కూర్చున్నారు. "మీ అక్క మిషను మీద గుడ్డ కప్పింది దీనివల్లనా?" అన్నారు. నేను తలూపాను. "ఇప్పుడేం చేయాలి?" అన్నారు.

"వాళ్ళందరినీ అడిగి తీయించాలి."

"ఇచ్చిన వాయనం వెనక్కి తీసుకోండని అడగమంటావా? మొహం మీద కొట్టినట్టు ఉండదూ?" నిజంగా భయపడ్డారాయన. షామియానా కూలినా అంత భయపడి ఉండరు. మా వాళ్ళకు డబ్బు తిరిగివ్వమనడం తేలిక, మర్యాద తిరిగివ్వమనడం కష్టం.

అప్పటికే అక్క పెరటి గుమ్మంలో నిలబడి ఉంది. ఎంత విన్నదో తెలియదు. నా చేతిలో ఫోన్ తీసుకుని పేజీ అడుగు వరకూ చూసింది. రొయ్యల మేత దగ్గర ఆగింది. నవ్వడం మొదలుపెట్టింది. ఆపరేషన్ తర్వాత అక్క అలా పొట్ట పట్టుకుని నవ్వడం అదే మొదలు. నవ్వి నవ్వి, కళ్ళు తుడుచుకుని, "నాకోసం ఇంత చేశారా అండీ?" అంది ఆయనతో. తర్వాత, "వాళ్ళు ఎందుకని అడిగితే ఉన్నది చెప్పండి. నా ఆపరేషన్ సంగతి కూడా చెప్పండి. నాకేం సిగ్గు?" అంది. ఆ ఆఖరి మాటకు తనే కొంచెం ఆశ్చర్యపోయినట్టు చూసింది.

బావగారు స్కూటరు వేసుకుని బయలుదేరారు. ఫోన్లో చెబితే పోయేదానికి మనిషే వెళ్ళాలన్నారు, అది ఆయన పద్ధతి. రొయ్యల మేత డీలరు మొదట నొచ్చుకున్నాడట, "మా సైటేం పాపం చేసిందండీ?" అని. బావగారు ఉన్నదున్నట్టు చెప్పారు. ఆ డీలరు వెంటనే లింకు తీయించేసి, "చెల్లెమ్మ ఎట్టా ఉందండీ?" అని అడిగి, రొయ్యలు కట్టి పంపించాడు. బోర్ల ఆయన భార్య కొబ్బరికాయలు పంపింది. లింకులు తీసేయించుకోవడానికి వెళ్ళిన మనిషి సంచీలతో తిరిగొచ్చారు. కొన్న లింకుల సంగతే తలనొప్పి. వాటిని అడగడానికి మనుషులుంటే కదా. వాటితో మాకు సంబంధం లేదని సెర్చ్‌వాళ్ళకు చెప్పుకుని, పేజీ అడుగంతా కడిగేశాను.

తర్వాత నా పద్ధతిలో మొదలుపెట్టాను. ఇది నిజంగా ఎవరికి కావాలి? బాపట్లలో రిటైరైన హోమ్ సైన్స్ లెక్చరరుగారు ఒకావిడ తెలుగులో కుట్టుపని మీద సైటు నడుపుతున్నారు. చాలామంది చదువుతారు. ఆపరేషన్ అయినవాళ్ళ కోసం ఆవిడ ఎప్పుడో ఇచ్చిన లింకు ఒకటి తెరుచుకోవడం లేదు, ఆ పేజీ ఎప్పుడో ఎత్తేశారు. ఆ మాటే రాశాను. 'అమ్మగారూ, మీ పేజీలో ఈ దారి మూసుకుపోయిందండి. మా అక్క రాసినది ఒకటి ఉంది, చూడండి. నచ్చకపోతే వదిలేయండి, ఆ పాతది మాత్రం తీసేయండి, పాపం చదివేవాళ్ళు వెళ్ళి తిరిగొస్తున్నారు.' అంతే రాశాను. ఏ మాటలతో లింకు పెట్టాలో చెప్పలేదు.

ఆవిడ జవాబు ఒక్క ముక్క. 'జాకెట్టు చూడాలి. మీ అక్కను తీసుకురా.'

అక్క రానంది. కుట్టినది నువ్వే పట్టుకెళ్ళమంది. మోకాళ్ళ నొప్పులంది. నేను బతిమాలడం మానేసి సంచి సర్దుకుంటుంటే, "ఆవిడ ఏమైనా అడిగితే నీకేం తెలుసని చెబుతావే?" అని విసుక్కుంటూ, అలాంటిదే కుట్టుకున్న ఇంకో జాకెట్టు తొడుక్కుని తనే చీర మార్చుకుంది. రేపల్లెలో బస్సెక్కి చెరుకుపల్లి మీదుగా బాపట్ల వెళ్ళాం. దారి పొడుగునా అక్క సంచిని ఒళ్ళో పెట్టుకుని, పమిట అంచు పిడికిట్లో పట్టుకునే ఉంది.

ఆవిడ మంచినీళ్ళిచ్చి, కళ్ళజోడు పెట్టుకుని, జాకెట్టు తిరగేసి చూశారు. కుట్టు కుట్టూ వేలితో తడిమారు. మెత్త బయటికి తీసి చేతిలో తూచి, "లోపల ఏంటమ్మా?" అన్నారు.

"ఆవాలండి."

"ఆలోచన బాగుంది. కానీ మన చెమటకి ముక్కిపోతాయమ్మా. గాజు పూసలు పోసి చూడు. ఉతుక్కోవచ్చు కూడా."

"అవునండి, నాకు తట్టలేదు" అంది అక్క. అంటూనే ముందుకు జరిగి కూర్చుంది. చంక దగ్గర మడత గురించి ఇద్దరూ నన్ను మరిచిపోయి మాట్లాడుకున్నారు. అప్పుడావిడ చాలా మామూలుగా, "వేసుకున్నది చూస్తేనే తెలుస్తుంది. పమిట తీయమ్మా" అన్నారు.

అక్క నా వైపు చూసింది. నేను తల కిందికి దించుకున్నాను. పమిట పక్కకు తీసిన చప్పుడు వినబడింది. ఆవిడ లేచి అక్క చుట్టూ తిరిగి, భుజం దగ్గర నొక్కి, వెనక్కి వెళ్ళి చూసి, "తేడా తెలియడం లేదమ్మా. ఎంత బాగా కుట్టావు!" అన్నారు. నేను తలెత్తేసరికి అక్క కళ్ళ నిండా నీళ్ళు. పమిట ఇంకా ఒడిలోనే ఉంది.

లింకు మాత్రం ఆ రోజు ఇవ్వలేదు. "నేను ఒకటి కుట్టి చూడాలి. చూడకుండా నా పిల్లలకి చెప్పను" అన్నారు. చదివేవాళ్ళందరూ ఆవిడకు పిల్లలే. ఆ మాటకు నాకు ఆవిడ కాళ్ళకు దండం పెట్టాలనిపించింది. బావగారికి మాత్రం నిద్ర పట్టలేదు. రోజూ ఫోన్ చేసి, "పెట్టారా అమ్మాయ్? ఇంకోసారి గుర్తు చేయకూడదూ?" అని నా ప్రాణం తీశారు. గుర్తు చేయకూడదని చెప్పీ చెప్పీ నా నోరు నొప్పెట్టింది.

చాలా రోజులకు పెట్టారు. 'అత్యుత్తమ' లేదు, 'రేపల్లె' లేదు. ఆవిడ రాసింది ఇది: 'మా చెల్లెలికి ఈ కొలతలతో కుట్టాను. వేసుకుని పెళ్ళికి వెళ్ళింది. మీరూ చూడండి.' ఆవిడకు అలాంటి చెల్లెలుందని మాకు అప్పటిదాకా తెలియదు. అక్క ఆ రెండు ముక్కలూ చాలాసేపు చదువుకుంది.

"మరి మనం కూడా ఆవిడది పెట్టాలిగా? మర్యాద కాదూ?" అన్నారు బావగారు వెంటనే.

"మర్యాదకి అరటిగెల తీసుకెళ్ళండి. పేజీ జోలికి మాత్రం రావద్దు" అన్నాను. ఆయన నేను చెప్పినట్టే చేశారు. గెల స్కూటరు ముందు పెట్టుకుని బాపట్ల వెళ్ళి ఇచ్చొచ్చారు.

ఆ తర్వాత నేను అడగనివాళ్ళు కూడా పెట్టడం మొదలుపెట్టారు. రోగులకు ధైర్యం చెప్పే నర్సు ఒకామె తను రాసే పేజీలో పెట్టింది. కుట్టు నేర్పే అమ్మాయి ఒకామె పెట్టింది. ఎవరి మాటల్లో వాళ్ళు రాశారు. సెర్చ్ అలిగిన మనిషిలా చాలాకాలం మొహం చాటేసి, మెల్లగా దారికొచ్చింది. మెసేజీలు మళ్ళీ రాసాగాయి. అక్క ఆవాలు తీసి గాజు పూసలని మార్చి రాయించింది, బాపట్ల అమ్మగారు చెప్పారని కూడా.

మొన్న శ్రావణంలో రేపల్లెలో అక్క ఇంటి ముందు ఆటో ఆగింది. కుంకుమ భరిణె పట్టుకుని ఒకామె దిగింది. చుండూరు నుంచి వచ్చింది. అక్క చెప్పిన కొలతలతో కుట్టుకుని, మెసేజీల్లో అడ్రసు అడిగి తీసుకుని, పేరంటానికి పిలవడానికి స్వయంగా వచ్చింది. నేను ఆ రోజు అక్కడే ఉన్నాను. ఆమె అక్కకు బొట్టు పెట్టి, "మీరు రావాలండి. ఆపరేషన్ అయ్యాక నేను పేరంటం చేసుకోవడం ఇదే మొదలు. మీరు రాకపోతే నాకు ధైర్యం చాలదు" అంది.

అక్క మోకాళ్ళ నొప్పుల మాట ఎత్తలేదు. "వస్తానమ్మా" అంది.

చుండూరు పేరంటంలో ఎవరికీ ఏ సంగతీ తెలియదు. వాళ్ళిద్దరికే తెలుసు. అప్పుడప్పుడు ఒకరినొకరు చూసి నవ్వుకుంటుంటే, చూసేవాళ్ళు చిన్ననాటి స్నేహితులనుకుని ఉంటారు. వాయనం ఇచ్చేటప్పుడు ఆమె అక్క చేతిలో వంకాయ రంగు జాకెట్టు ముక్క పెట్టి, మెల్లగా, "అక్కా, ఇది ఎవరికీ ఇచ్చేయకండి. మీరే కుట్టుకోండి" అంది.

ఆ వారమే అక్క దాన్ని కుట్టింది. సూట్‌కేసులో ఇన్నాళ్ళూ పడున్న ముక్కల్లో ఒక్కటీ ముట్టుకోని మనిషి, దీనికి మాత్రం చేతుల అంచుకు పైపింగ్ కూడా వేసింది. ఆదివారం నన్ను తెనాలి నుంచి రమ్మంది. వెళ్ళేసరికి జడలో పూలు పెట్టుకుని, అందరిలా పమిట ఒక భుజం మీదే వేసి పిన్ను పెట్టుకుని, కిటికీ పక్కన వెలుతురులో నిలబడి ఉంది.

"నా ఫోటో తీయవే. ఆ దిండు తీసేసి ఇది పెట్టు" అంది.

నా తొందరకు మొదటిది కదిలిపోయింది. రెండోది బాగా వచ్చింది. బావగారు కర్టెన్ పట్టుకుని నిలబడి, కళ్ళు తుడుచుకుని, ఫోన్ తీసి, "దీన్ని మన గ్రూపులో అందరికీ పంపనా?" అన్నారు.

"ఎవరికీ పంపొద్దు. కావాల్సినవాళ్ళు వస్తారు" అంది అక్క.

ఆయన బుద్ధిగా ఫోన్ జేబులో పెట్టేసుకున్నారు.